పట్టాలు లేని తాలూకా, పొగబండి యాది: ములుగు ప్రాంతం – నైజాం రైల్వే – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ములుగులో రైల్వే స్టేషను లేదు, ఏనాడూ లేదు. ఇప్పటి జిల్లా పటాన్ని ముందుంచుకొని చూస్తే పడమట కాజీపేట – బల్లార్షా మార్గం, దక్షిణాన వరంగల్లు – డోర్నకల్ మార్గం, ఆగ్నేయాన డోర్నకల్ – కొత్తగూడెం – మణుగూరు శాఖ కనిపిస్తాయి. ఈశాన్యాన గోదావరి. మూడు వైపులా పట్టాలు, నాలుగో వైపు నది. నడుమ అడవి, చెరువులు, గూడేలు. నిజాం కాలంలో వరంగల్లు జిల్లాలో తాలూకాగా, 2019 ఫిబ్రవరి 17 నుంచి ప్రత్యేక జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం రైల్వే చరిత్రలో ఒక ఖాళీ స్థలం.

రైల్వే చరిత్రలు సాధారణంగా స్టేషనులో నిలబడి రాసినవి. ఏ మార్గం ఎప్పుడు తెరిచారు, ఎంత పెట్టుబడి పెట్టారు, ఎంత సరుకు నడిచింది అన్నవి వాటి ప్రశ్నలు. రైలు జ్ఞాపకాలు కూడా స్టేషను చుట్టూనే అల్లుకొని ఉంటాయి. గంట మోగడం, గార్డు పచ్చజెండా ఊపడం, కిటికీలోంచి పడిన బొగ్గు నలుసు, గంపలో సీతాఫలాలు. వీటిని తలచుకొనే వ్యాసాలకూ ఆత్మకథలకూ తెలుగులో కొదవ లేదు. అయితే స్టేషనే లేని ప్రాంతపు రైలు జ్ఞాపకం ఎలా ఉంటుంది? దాన్ని చరిత్ర రచనకు ఆధారంగా స్వీకరించవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను నైజాం రైల్వే ప్యాసింజరు బండి నేపథ్యంలో పరిశీలించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం. ములుగు వంటి ప్రాంతంలో రైలు యాది బండి గురించిన యాది మాత్రమే కాదు, బండి దాకా నడిచిన దారి గురించిన యాది కూడా అన్నది ఇక్కడి ప్రతిపాదన.

నైజాం రైల్వే: హామీ ఎవరికి?

హైదరాబాదు రాజ్యంలో తొలి రైలు మార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాదు వరకు ఏర్పడింది. బొంబాయి – మద్రాసు మార్గంపై ఉన్న వాడి కూడలితో రాజధానినీ, సైనిక స్థావరాన్నీ కలపడం దాని ప్రయోజనం. దాన్ని తూర్పు దిశగా పొడిగించే ఆలోచనకు బలాన్నిచ్చింది బొగ్గు. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిల్వలను గుర్తించాడు. గనికి రైలు కావాలి, రైలుకు బొగ్గు కావాలి. తెలంగాణ తూర్పు భాగపు రైలు పటం ఈ పరస్పరావసరం నుంచి పుట్టింది.

1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండనులో ఏర్పడింది. కంపెనీ పెట్టుబడిపై 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ పడింది. సంస్థ పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న విశేషణానికి అర్థం ఇదే. బండి లాభం తెచ్చినా తేకపోయినా లండనులోని వాటాదారుకు రావలసింది వస్తుంది. లోటు పడితే ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే ప్రధానంగా భూమి శిస్తు. కనుక పట్టాలు తన ఊరి పొలిమేరకు రాకపోయినా, ములుగు తాలూకా రైతు ఈ రైల్వేకు పూచీపడినవాడే. హామీ పత్రంలో అతని పేరు లేదు, భారంలో మాత్రం అతని పాలు ఉంది.

ఈ ఒప్పందం నాడే ప్రశ్నలకు గురైంది. చాందా రైల్వే పథకంగా పేరుపడిన ఆ ప్రతిపాదన వివరాలను ప్రజల ముందు పెట్టాలని 1883లో హైదరాబాదులోని విద్యావంతులు కోరారు. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ముఖ్యులు. ప్రభుత్వం అఘోరనాథుణ్ణి రాజ్యం నుంచి పంపివేసింది. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక పౌరచైతన్యానికి తొలి గుర్తుగా చరిత్రకారులు పేర్కొనే ఈ ఘటన రైలు నిమిత్తంగా జరగడం గమనార్హం. రైలు రావడాన్ని కాక, అది ఎవరి ఖర్చుతో ఎవరి మేలుకు వస్తున్నదన్న దాన్ని వారు ప్రశ్నించారు.

నిర్మాణం మాత్రం వేగంగా సాగింది. 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు, 1888లో డోర్నకల్‌కూ అక్కడి నుంచి ఇల్లెందు గనులకూ, 1889లో బెజవాడకు బండి నడిచింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం శాఖ, 1929 నాటికి కాజీపేట – బల్లార్షా మార్గం పూర్తయ్యాయి. ఢిల్లీ – మద్రాసు నేరుదారి ఈ చివరి మార్గంతోనే ఏర్పడింది, కాజీపేట పెద్ద కూడలి అయింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి తన అధీనంలోకి తీసుకొంది. 1950 ఏప్రిల్ 1న అది భారత ప్రభుత్వపరమై, 1951లో మధ్య రైల్వేలోనూ, 1966లో కొత్తగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోనూ భాగమైంది.

ఈ క్రమంలో ఒక విషయం స్పష్టం. బొగ్గు, సైన్యం, దూర నగరాల అనుసంధానం అన్నవే మార్గాలను నిర్ణయించాయి. చిన్న స్టేషనులన్నిటా ఆగుతూ పోయే ప్యాసింజరు ఈ లెక్కల్లో ప్రధానాంశం కాదు. అయితే జనం యాదిలో నిలిచింది అదే. సరుకు బండి ఆదాయం లెక్కల పుస్తకాల్లో మిగిలింది, ప్యాసింజరు మనుషుల మాటల్లో మిగిలింది.

స్టేషను దాకా దారి

ములుగు నుంచి వరంగల్లు సుమారు 50 కిలోమీటర్లు. ఏటూరునాగారం నుంచి దానికి రెట్టింపు. ఎడ్లబండి రోజుల్లో ఈ దూరాలు గంటల్లో కాక మజిలీల్లో లెక్కకు వచ్చేవి. తాడ్వాయి అడవి దాటి, గోవిందరావుపేట మీదుగా ములుగు చేరి, మల్లంపల్లి, ఆత్మకూరు దాటి హనుమకొండ పొలిమేరలకు రావాలి. రైలు ప్రయాణం కొన్ని గంటలు, రైలు దాకా ప్రయాణం ఒకటి రెండు రోజులు. ఆకలికి అటుకులో సద్దో మూట కట్టుకోవలసింది రైలు కోసం కాదు, ఈ దారి కోసం. పక్క తాలూకా అయిన నర్సంపేట వారికి నెక్కొండ స్టేషను దగ్గర. గోదావరి వెంటి వెంకటాపురం, వాజేడు ప్రాంతాల వారి చూపు భద్రాచలం వైపు. ఈ విధంగా ఇప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతపు రైలు దిక్కులు ఒకటి కావు.

ఈ దారిని అందరూ ఒకే తీరుగా నడవలేదు. రెవెన్యూ, పోలీసు, అటవీ అధికారులు తాలూకా లోపలికి వచ్చినప్పుడు వారి సామాను మోయడం, బండ్లు కట్టడం, ఒక ఊరి నుంచి మరో ఊరికి చేర్చడం వెట్టిలో భాగంగా ఉండేది. దళిత, బహుజన కులాల వారిపైనే ఈ భారం ఎక్కువగా పడింది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, తరువాతి ఆంధ్ర మహాసభ తమ తొలి కర్తవ్యాల్లో ఒకటిగా వెట్టి నిర్మూలనను ఎత్తుకోవడానికి కారణం ఈ విస్తృతే. వెట్టి రైలు కంటే పాతది. కానీ రైలు దాన్ని రద్దు చేయలేదు. వరంగల్లు దాకా అధికారి పెట్టెను ఆవిరి యంత్రం లాగింది. అక్కడి నుంచి మనిషి తల మోసింది. పట్టాలు ముగిసిన చోట ఆధునికత ముగిసి, అదే ప్రయాణపు మిగతా సగం పాత శ్రమ మీద నడిచింది. రైలును ప్రగతికి పర్యాయపదంగా వాడే వాక్యాలు ఈ రెండో సగాన్ని లెక్కించవు.

పండితుల రాకపోకలకూ ఇదే దారి. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తు శాఖకు సారథ్యం వహించిన గులాం యాజ్దానీ పాలంపేట ఆలయాలపై రాసిన గ్రంథం 1922లో వెలువడింది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఆధునిక విద్వల్లోకానికి పరిచయం కావడంలో ఆ గ్రంథం పాత్ర పెద్దది. శిల్పం ప్రపంచం దృష్టికి వెళ్లింది. ఆ గుడి నీడన ఉన్న ఊళ్లకు మాత్రం రైలు దూరంగానే ఉండిపోయింది.

1932 జూన్‌లో నిజాం రైల్వే తన అధీనంలోనే రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ప్రభుత్వరంగ ప్రయాణికుల బస్సు రవాణాకు దేశంలోనే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. ఆ విభాగం 1951 నవంబరులో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా మారింది. ఇక్కడ చరిత్రకారులు ఎక్కువగా పట్టించుకోని అంశం ఒకటుంది. బస్సూ రైలూ నేడు రెండు వేర్వేరు వ్యవస్థలు. పుట్టుకలో మాత్రం బస్సు రైల్వే బిడ్డ. పట్టాలు వేయడం గిట్టుబాటు కాని చోట రబ్బరు చక్రాలపై రైల్వే చాచిన చేయి అది. ఆ దృష్టితో చూస్తే పట్టాలు లేని తాలూకాల బస్సు యాది రైల్వే చరిత్రకు వెలుపలిది కాదు, దాని చివరి అధ్యాయం.

‘ప్యాసింజరు’ అనే మాట

భాషలో మిగిలిన జాడలు కూడా ఇదే చెబుతాయి. రైలు తెలుగులోకి అనేక పేర్లతో వచ్చింది. పండితులు ధూమశకటమన్నారు, జనం పొగబండి అన్నారు. ‘బండి’ అన్న పాతమాట కొత్త యంత్రానికి అతికింది. ఎడ్లబండి, మోటారుబండి, పొగబండి ఒకే కుటుంబపు పదాలయ్యాయి. తెలంగాణలో ఉర్దూ పాలనా భాష కావడం వల్ల రైలు పెట్టె ‘డబ్బా’ అయింది, ప్రయాణికులు వేచి ఉండే చోటు ‘ముసాఫిర్‌ఖానా’ అయింది. ఈ వ్యాసంలో వాడుతున్న ‘యాది’ కూడా ఉర్దూ ‘యాద్’ నుంచి వచ్చి తెలంగాణ తెలుగులో ఇంటిమాట అయినదే. సామల సదాశివ తన జ్ఞాపకాల గ్రంథానికి ‘యాది’ అని పేరు పెట్టడంతో దానికి సాహిత్య గౌరవం కూడా దక్కింది.

వీటిలో ప్రత్యేకంగా పరిశీలించదగినది ‘ప్యాసింజరు’. మూల భాషలో ఈ మాటకు ప్రయాణికుడని అర్థం. తెలుగు వాడుకలో అది బండికే పేరయింది. ‘ప్యాసింజరు పోయిందా?’ అని అడిగితే ఎవరో ప్రయాణికుడి గురించి అడిగినట్లు కాదు. మనిషిని సూచించే పదం మనిషిని మోసే వాహనానికి సంక్రమించిన లక్షణార్థం ఇది. దీనికి ఎదురుగా ‘ఎక్స్‌ప్రెస్’ నిలిచింది. ఎక్స్‌ప్రెస్ అంటే ఆగనిది, ప్యాసింజరు అంటే ఆగేది. వేగం ఒకదాని గుణం, ఆగడం మరొకదాని గుణం. చిన్న ఊరి దృష్టిలో రైలు విలువ అది ఎంత వేగంగా పోతుందన్న దానిలో లేదు, ఆగుతుందా లేదా అన్న దానిలో ఉంది. ఆ తరువాతి తరంలో వరంగల్లు – హైదరాబాదు మధ్య రోజూ ఉద్యోగాలకు తిరిగే వారి నోట ‘పుష్‌పుల్’ అన్న సాంకేతిక పదం ఒక బండికి ముద్దుపేరు కావడం కూడా ఇటువంటిదే. యంత్ర విధానానికి చెందిన మాటను జనం తమ నిత్యజీవితపు గుర్తుగా మార్చుకొన్నారు.

స్టేషను పేర్లలో కనిపించే ‘రోడ్డు’ మరో సూచిక. కొత్తగూడెంలోని స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్డు’. అక్కడి నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. రైల్వే తాను చేరని క్షేత్రం పేరును తన ఫలకంపై రాసుకొని, మిగతా దూరాన్ని ‘రోడ్డు’ అన్న ఒక్క మాటకు అప్పగించింది. రైలు సేవ ఎక్కడ ఆగుతుందో, భక్తుని పాదయాత్ర ఎక్కడ మొదలవుతుందో ఆ పేరే ఒప్పుకొంటున్నది. ములుగు పేరు ఏ స్టేషను ఫలకంపైనా ఆ విధంగానైనా చేరలేదు. దాని ‘రోడ్డు’ వరంగల్లు అన్న పేరులోనే కలిసిపోయింది.

జాతర బండి

పట్టాలు లేని ఈ ప్రాంతానికి రైలు ప్రయాణికులు వెల్లువగా వచ్చే సందర్భం మేడారం జాతర. తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకు ఒకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క సారలమ్మల జాతరకు తెలంగాణ నలుమూలల నుంచే కాక ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి కూడా భక్తులు వస్తారు. దూరప్రాంతాల వారు కాజీపేటలోనో వరంగల్లులోనో బండి దిగుతారు. అమ్మవార్లకు ‘బంగారం’గా సమర్పించే బెల్లం మూటలతో అక్కడి నుంచి బస్సులు, లారీలు, ఒకప్పుడు ఎడ్లబండ్లు. జాతర కాలంలో రైల్వే ప్రత్యేక బండ్లను నడపడం, రవాణా సంస్థ వేల సంఖ్యలో బస్సులను మోహరించడం ఇప్పుడు ఆనవాయితీ.

ఈ సందర్భంలో సాధారణ దిశ తారుమారు అవుతుంది. మామూలు రోజుల్లో ములుగు రైలును వెతుక్కుంటూ పోతుంది. జాతర రోజుల్లో రైలే ములుగును వెతుక్కుంటూ, రాగలిగినంత దూరం వస్తుంది. గూడెం దేవతలు నగరపు సమయసారిణిని మార్పిస్తారు. ఎడ్లబండ్ల బారులు, నడిరాత్రి అడవిలో మంటలు, బిడ్డను భుజాన వేసుకొని నడిచిన దారి జాతర కథనాల్లో కేంద్ర స్థానంలో ఉంటాయి, రైలు అంచులో ఉంటుంది. బొగ్గు కోసం గీసిన పటంపై భక్తి గీసిన మరో పటం ఇది. మొదటి పటంలో ఖాళీగా కనిపించిన చోటు రెండో పటానికి నడిబొడ్డు. రైల్వే చరిత్ర రాసేవారు మొదటి పటాన్నే చూస్తే ఈ ప్రాంతం చరిత్రలేనిదిగా తోస్తుంది.

యాదిని చదివే పద్ధతి

గతించిన బండిపై మమకారం సహజం. ఆవిరి యంత్రాలు పోయాయి. 1974లో మూడో తరగతి రద్దయింది. కాజీపేట మార్గాల్లో విద్యుత్తు తీగలు వచ్చాయి. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా దేశమంతటా ప్రయాణికుల బండ్లు నిలిచిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు అనేక ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ పేరుతో నడిచాయి. కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలకు పెరిగింది, పాత ఛార్జీ 2024లో గాని తిరిగి రాలేదు. ఈ నాలుగేళ్లలో మారింది ఛార్జీ ఒక్కటే కాదు. ‘ప్యాసింజరు’ అన్న వర్గమే రైల్వే భాషలోంచి తప్పుకొనే స్థితి ఏర్పడింది. మార్కెట్టుకు పోయే కూరగాయల గంపకూ, ఆసుపత్రికి పోయే వృద్ధురాలికీ, పరీక్షకు పోయే విద్యార్థికీ ఆ పేరు మార్పు అర్థం మూడింతల ఖర్చు. యాదికి వర్తమాన ప్రయోజనం ఇక్కడ ఉంది.

స్వెత్లానా బోయిమ్ 2001లో వెలువరించిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నోస్టాల్జియా’ గ్రంథంలో గతంపై బెంగను రెండు విధాలుగా విభజించారు. పోయినదాన్ని యథాతథంగా తిరిగి నిలపాలనేది ఒకటి, పోయినదానికీ తనకూ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించి ఆలోచించేది మరొకటి. నైజాం రైల్వేపై వచ్చే రచనల్లో మొదటిదే ఎక్కువ. పాత యంత్రం ఫోటో, పాత టికెట్టు, సమయపాలన గొప్పతనం వాటి సామగ్రి. ఆ యాదిలో వడ్డీ హామీ ఉండదు, వెట్టి ఉండదు, మూడో తరగతి డబ్బాలో నిలబడడానికి చోటు లేని రాత్రి ఉండదు. స్టేషను ఉన్న ఊరు రైలును తనదనుకొని మురిసిపోగలదు కనుక ఆ మరపు దానికి సులువు.

స్టేషను లేని ఊరికి ఆ సౌలభ్యం లేదు. దాని యాదిలో రైలు ఎప్పుడూ కొంత దూరంలోనే ఉంటుంది. తెల్లవారుజామున బండి అందుకోవాలంటే ముందురోజే బయలుదేరాలి. బండి తప్పిపోతే పట్టణంలో తలదాచుకోవడానికి బంధువుల ఇల్లో సత్రమో చూసుకోవాలి. ఈ నిరీక్షణ, ఈ దూరం యాది కథనంలోంచి తీసివేయడానికి వీలుకానివి. అందువల్లనే బోయిమ్ చెప్పిన రెండో రకపు స్మృతికి ములుగు వంటి ప్రాంతం సహజ క్షేత్రం.

సాహిత్య పరిశోధనకు దీనివల్ల ఒక పద్ధతి సూచన లభిస్తుంది. దాశరథి సోదరులు పెరిగిన గార్ల బెజవాడ మార్గంపై ఉన్న స్టేషను. రంగాచార్య ‘జీవనయానం’, కృష్ణమాచార్య ‘యాత్రాస్మృతి’, కాళోజీ ‘ఇదీ నా గొడవ’ వంటి ఆత్మకథాత్మక రచనలను నిజాం రాజ్య రాజకీయ చరిత్రకు ఆధారాలుగా చదవడం స్థిరపడిన పద్ధతి. వాటినే ప్రయాణ చరిత్రకు ఆధారాలుగా, అంటే ఎవరు ఎలా ఎంత సేపట్లో ఎవరి శ్రమపై ప్రయాణించారన్న ప్రశ్నతో, తిరిగి చదవవలసి ఉంది. రాతలోకి రాని గూడేల మౌఖిక కథనాలను వాటి పక్కన ఉంచినప్పుడే ఆ చదువు పూర్తవుతుంది. స్టేషనుకు నడిచిన తరం తరిగిపోతున్నది. ఈ సేకరణ వాయిదా వేయదగినది కాదు.

ముగింపు

నైజాం రైల్వే తెలంగాణ తూర్పు భాగాన్ని బొగ్గు, పెట్టుబడి, దూర నగరాల అవసరాల మేరకు కలిపింది. ఆ అవసరాల్లో లేని ములుగు పట్టాల నడుమ దీవిగా మిగిలింది. అయితే శిస్తు రూపంలో హామీ మోసి, వెట్టి రూపంలో సామాను మోసి, జాతర రూపంలో లక్షల ప్రయాణికులను రప్పించి ఈ ప్రాంతం రైల్వే చరిత్రలో భాగస్వామి అయింది. ‘ప్యాసింజరు’ అన్న మాట మనిషి నుంచి బండికి మారినట్లే, రైల్వే చరిత్ర దృష్టి కూడా ప్రయాణికుని నుంచి వాహనానికి మారిపోయింది. దాన్ని మళ్లీ మనిషి వైపు తిప్పడానికి స్టేషను లేని ఊళ్ల యాది తోడ్పడుతుంది.

రామగుండం, మణుగూరుల మధ్య కొత్త మార్గం గురించిన ప్రతిపాదన ఈ ప్రాంతంలో చాలా కాలంగా వినిపిస్తున్నది. సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ములుగులో వెలసిన తరువాత రైలు అవసరం మరింత స్పష్టమైంది. ఒకవేళ పట్టాలు వస్తే వాటిపై బొగ్గు వ్యాగన్లతో పాటు ఆగే బండి కూడా నడుస్తుందా అన్నది 1883లో వేసిన ప్రశ్నకు కొనసాగింపే. ఆనాడు ఆ ప్రశ్నను రాజధానిలోని విద్యావంతులు వేశారు. ఈనాడు దాన్ని వేసే హక్కు, 140 ఏళ్లుగా బండి దాకా నడిచిన వారిది.